ఉప్పుపొద మీద ఫిర్యాదు

తోటల విభాగంలో ఆమెకు ఛీ అక్క అని పేరు. ఎదురుపడితే మాత్రం ముందున్న అక్షరాన్ని గొంతులోనే దిగమింగి ఉత్త అక్కా అనేవాళ్ళు. ఆ మింగడం ఆమెకు కనపడేది. ముప్పై ఏళ్ళుగా సముద్రపొడ్డున ఐదు పార్కులు తిరుగుతున్న మనిషికి, ఎవరు ఏది మింగుతున్నారో, ఎక్కడ కక్కుతున్నారో తెలియకుండా పోదు.

పొద్దున్నే ఆరింటికి బయల్దేరేది. చేతులకు ఒకదాని మీద ఒకటి రెండు జతల రబ్బరు తొడుగులు. ముక్కుకు నాలుగు మడతల గుడ్డ. కుడిచేతిలో నడుమెత్తు ఇనుప పట్టుకారు. వేషం చూసి పొద్దుటి నడకకు వచ్చేవాళ్ళు ఆమెకు దారి వదిలేవాళ్ళు.

మొదటిది నాలుగు రోడ్లు కలిసేచోట గుండ్రంగా ఉండే పార్కు. దాంట్లో గడ్డి ప్లాస్టిక్‌ది. నెలకోసారి దాన్ని సబ్బునీళ్ళతో రుద్ది కడగాలని కాగితం ఉంది. "గడ్డికి తలంటు పోసే ఉద్యోగం నాకు తప్ప ఇంకెవరికీ దొరికుండదు" అనేది ఆమె, బ్రష్షు పక్కన పడేస్తూ. రెండోది పిల్లల పార్కు. అక్కడి ఇసుకగుంటను పగలు పిల్లలు వాడుకుంటారు, మిగతా పొద్దు పిల్లులు వాడుకుంటాయి. వారానికి రెండుసార్లు ఇసుక జల్లెడ పట్టాలి. జల్లెడలో మిగిలినదాన్ని చూసి ఛీ అనేది, అవతల పారబోసి వచ్చి ఇంకోసారి అనేది.

మూడోది కుక్కలను తిప్పే దారి. అక్కడికి వచ్చేది మర్యాదస్తులు. కుక్క చేసినదాన్ని వంగి, ఎత్తి, చిన్న సంచిలో మూటగట్టి, చక్కగా ముడివేసి, దగ్గర్లో ఉన్న కొమ్మకు తగిలించి పోతారు. శ్రద్ధంతా ముడిలోనే. దాని తర్వాత నాలుగడుగుల దూరంలో ఉన్న డబ్బా దాకా నడిచే ఓపిక ఉండదు. తెల్లవారేసరికి చెట్లకు కాయలు దిగినట్టుండేది. నాలుగోది సరుగుడు తోపు. అక్కడ చెట్టు బెరడు ఒలిచి, మనసైన పిల్ల పేరు చెక్కి, ఆ చెట్టు కిందే కొరికిన రొట్టెలు, ఎముకలు పడేసి వెళ్తారు. ఆ ప్రేమ ఎన్నాళ్ళు నిలిచేదో గాని ఎముకలు మాత్రం చీమలు పట్టి వారం నిలిచేవి.

ఐదోది పెద్దతోట. పచ్చిక, మూడు వరసల గులాబీలు, ముసలివాళ్ళు కూర్చునే బెంచీలు, చివర సముద్రం వైపు రెండొందల అడుగుల పొడవున ఒక పొద. దళసరి ఆకుల పొద. దానికి పుస్తకాల్లో పొడుగాటి పేరేదో ఉంది, తోటవాళ్ళు ఉప్పుపొద అంటారు. చూపుకు అందమైంది కాదు. తోట వైపు పచ్చగా, సముద్రం వైపు మాడి గోధుమరంగులో ఉంటుంది. ఒక పక్క కాలిన రొట్టెలాగా ఉంటుందని చూసేవాళ్ళు అంటారు.

ఆమె ఈ పనిలోకి వచ్చింది కూడా ఒక వాసన వల్లే. పుట్టి పెరిగింది చేపలు కోసే షెడ్డు వెనక ఒంటిగదిలో. బడిలో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. పెద్దయ్యాక ఏ పనైనా చేస్తాను గాని వాసన కొట్టే పని చెయ్యనని ఒట్టు పెట్టుకుంది. పార్కుల్లో నీళ్ళు పట్టే పని ఉందనగానే, జీవితమంతా పూలవాసన పీలుస్తూ బతకొచ్చని ఎగిరి గంతేసి చేరింది. ఆ ఆశ మొదటి వేసవికే ఆవిరైంది.

విచిత్రమేమిటంటే, ఇన్నిటిని అసహ్యించుకునే మనిషి రోజూ పొద్దున ఆకులు నాకేది. సముద్రపుగాలి ఉప్పు మోసుకొస్తుంది. ఆకు మీద ఉప్పు పేరుకుంటే ఎండెక్కేలోగా మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే మాడిపోతుంది. ఏ వరస కడగాలో, ఏది అక్కర్లేదో తెలిసేది నాలుకకే. మిగతావాళ్ళు ఆకును వేలితో తుడిచి వేలు నాకేవాళ్ళు. ఆమె నేరుగా ఆకుకే నాలుక తగిలించేది. "వేలికంటే ఆకు శుభ్రం" అనేది.

రోజు పని అయ్యాక తోటల ఆఫీసులో ఒక పుస్తకంలో రాయాలి. ఏ పార్కులో ఏం చేశారు, ఏం లోపముంది. ఆమె పొల్లుపోకుండా రాసేది. ఎవరూ చదవరు గనక మనసులో ఉన్నదంతా రాసేది. పెద్దతోట దగ్గరికి వచ్చేసరికి అప్పుడప్పుడు కలం ఒకే మాట మీదికి పోయేది: సముద్రం వైపు పొద దుర్వాసన, నరికించి పారేస్తే పీడ విరగడవుతుంది.

నిజంగా నరకమని కాదు. కడుపులో ఉన్నది కక్కుకోవడం, అంతే. అమ్మ విసుగెత్తి పిల్లను "ఎక్కడైనా చావు" అన్నట్టు.

ఈ ఏడాది ఆఫీసులో కొత్త ఆఫీసరు చేరాడు. చదివే ఆఫీసరు వస్తాడని ఆమె ఏనాడూ అనుకోలేదు.

*

సోమవారం పొద్దున పొడుగాయన పెద్దతోట గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ఆమెతో ఇరవై ఏడేళ్ళుగా పనిచేస్తున్న తోటమాలి. మాటలు పొదుపు, అడుగులు పొడుగు.

"అక్కా, నీ మాట నెగ్గింది" అని కాగితం చేతికిచ్చాడు.

తొడుగులు తీసి చదివింది. పెద్దతోటలో సముద్రం వైపు పొదను శనివారం యంత్రంతో వేళ్ళతో సహా తీసేస్తారు. అక్కడ ఇనుప కమ్మీలు, ఎనిమిది బెంచీలు వస్తాయి. కారణం: పర్యవేక్షకురాలి ఫిర్యాదులు.

"ఎవరి ఫిర్యాదులు?"

"నీవే. ఇన్నాళ్ళకు ఒకడు విన్నాడు."

ఆమె పొద వెంబడి నడిచింది. రెండేళ్ళ కిందట తుపానుకు ఒకచోట ఆరడుగుల మేర పొద విరిగి ఖాళీ పడింది. అక్కడ మళ్ళీ పెట్టిన మొక్కలు ఇంకా మోకాలెత్తు దాటలేదు. ఆ ఖాళీకి సరిగ్గా వెనక గులాబీలు, వాటి వెనక పచ్చిక, కత్తిమొన ఆకారంలో ఎండిపోయి ఉన్నాయి. ఆరడుగుల సందులోంచి దూరిన గాలి నలభై అడుగులు లోపలికి పొడిచింది. రెండొందల అడుగులూ తెరిస్తే ఏమవుతుందో ఆమెకు ఎవరూ లెక్కేసి చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ళు నీళ్ళు పట్టి, నాకి, కడిగి, పెంచిన తోట ఒక్క వేసవికి బెంచీలు మిగిలిన మైదానమవుతుంది.

పొదకు ఇటువైపు నుంచి ఒక ఆకు, గులాబీ చెట్టు నుంచి ఒక ఆకు, సందుకు ఎదురుగా మాడిన మొక్క నుంచి ఒకటి తెంపి, మూడూ రుమాలులో చుట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది.

ఆఫీసరుకు ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళు ఉంటాయి. బల్ల మీద ఆమె పుస్తకాలు పదకొండు, వరసగా పేర్చి ఉన్నాయి. పేజీల మధ్య పసుపు చీటీలు.

"కూర్చోండమ్మా. మీరు ఇంత వివరంగా రాస్తారని ఎవరూ చెప్పలేదు నాకు."

"ఆ పొదను తీసేయించమని రాయలేదు సార్."

ఆయన ఒక చీటీ దగ్గర తెరిచి చదివాడు. "'నరికించి పారేస్తే పీడ విరగడవుతుంది.' ఇది మీ చేతిరాతే కదా? మొత్తం నలభై మూడుసార్లు ఉంది. ఒకచోట 'తగలబెట్టినా పాపం లేదు' అని కూడా ఉంది."

"కోపంలో రాసుంటాను."

"నలభై మూడుసార్లూ కోపమేనా?"

"అవును సార్. కోపం రోజూ వస్తుంది."

ఆయన నవ్వలేదు. ఆమె రుమాలు విప్పి మూడాకులూ బల్ల మీద పెట్టింది. "ఇది పొద వెనక గులాబీది. ఇది సందుకు ఎదురుగా ఉన్నది. ఒకసారి నాలుకకు తగిలించి చూడండి. పొద ఏం చేస్తోందో నేను చెప్పక్కర్లేదు."

"నాకమంటారా?"

"ఉప్పే సార్. ఇంకేం లేదు."

"ఛీ" అన్నాడు ఆఫీసరు, కుర్చీని వెనక్కి జరుపుతూ.

ఆ మాట ఇంకొకరి నోట తన మీదికి రావడం ఆమెకు బడి తర్వాత ఇదే మొదలు. ఆకులు మళ్ళీ చుట్టుకుంది. అయినా లేవలేదు. గాలి సంగతి, ఉప్పు సంగతి, ఎండిన గులాబీల సంగతి చెప్పింది. ఆయన విన్నాడు. అన్యాయస్థుడు కాదు.

"సరే, పొద అవసరమే అనుకుందాం. కంపు అబద్ధమా మరి? బెంచీల మీద కూర్చునేవాళ్ళూ రాశారు, తొమ్మిది ఉత్తరాలు వచ్చాయి."

"కంపు నిజమే."

"శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి నేనే వస్తాను. పొద చివరినుంచి చివరిదాకా నడుస్తాను. ముక్కు మూసుకోవాల్సిన పని రాకపోతే ఆర్డరు ఆపుతాను. వస్తే శనివారం యంత్రం వస్తుంది. న్యాయమే కదా?"

న్యాయమే. ఆమెకు మండుకొచ్చింది కూడా అందుకే.

*

ఇంట్లో ఆమెకు మిగిలింది తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ మూడేళ్ళ తేడాలో పోయాక, తోడికోడళ్ళిద్దరూ ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద మిగిలారు. చిన్నది పెద్దతోట గేటు పక్కన టీ బండి నడుపుతుంది. అక్కను ఆటపట్టించకపోతే ఆమెకు పొద్దు గడవదు.

"ఎవరు తీసిన గోతిలో ఎవరు పడ్డారక్కా?" అంది సాయంత్రం, కథంతా విని, గ్లాసులు కడుగుతూ.

"పడ్డదాన్ని లేపుతావా, మట్టి పోస్తావా?"

"ముందు చూడనీ. ఇలాంటిది రోజూ దొరకదు." గ్లాసు తుడుస్తూ అడిగింది, "పొదలోకి ఎవరు దూరతారు?"

"నేనే."

"నువ్వా? పక్కింటివాళ్ళ చెత్తబుట్ట తెరిచుంటే ఆ పూట అన్నం మానేసే నువ్వా?"

"పొడుగాయన వంగలేడు. మిగతా ఇద్దరు పనివాళ్ళూ సెలవు పెట్టారు, కాగితం చదవగానే."

చిన్నది గ్లాసు తుడవడం ఆపింది. "రేపు తిండి తిని వెళ్ళకు" అంది. "కడుపులో ఏమీ లేకపోతే ఏమీ బయటికి రాదు."

*

పొద మూడడుగుల మందం. బయటినుంచి గోడలా కనిపిస్తుంది గాని, లోపల కొమ్మల కింద ఒక మనిషి పాకే చోటుంది. మంగళవారం ఆరింటికి ఆమె ఒక చివర నుంచి దూరింది. పొడుగాయన బయట సంచి పట్టుకుని నడుస్తుంటే, లోపల్నుంచి పట్టుకారుతో అందించేది.

మొదటి యాభై అడుగుల్లో ఊరి మర్యాదంతా కనపడింది. సీసాలు, సగం సీసాలు. పసిపిల్లల తడిగుడ్డలు, చుట్టి అంటించినవి. కొనగానే తెగిన చెప్పు ఒకటి. ఎరకు తెచ్చిన చేపముక్కల డబ్బా. మూత తీసి ఉంది, లోపల కదులుతోంది. కుక్కల సంచులు, చక్కని ముడులతో. ఎవరిదో కట్టుడుపళ్ళ వరస. మగవాళ్ళు నిలబడి పని కానిచ్చుకునే చోట మట్టి రంగే మారిపోయి, కళ్ళు మండాయి. ముక్కుగుడ్డ తడిసి మూతికి అంటుకుంది. ప్రతిదానికీ ఛీ అనడం మొదలుపెట్టి, ఇరవై అడుగులకే మానేసింది. ఆ మాట అనాలంటే నోరు తెరవాలి.

కాగితం కప్పులు వచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు, ఒకదాంట్లో ఒకటి దూర్చిన గుట్టలు. అంచున నీలంగీత.

మధ్యాహ్నం ఒక గుట్ట తీసుకెళ్ళి టీ బండి మీద పెట్టింది.

"నావి కావు" అంది చిన్నది, చూడకుండానే.

"నీవని నేనన్నానా?"

"ఊళ్ళో నీలంగీత కప్పులు నేనొక్కదాన్నే కొంటానా?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నావు. తాగినవాడికి డబ్బా చూపించడం నీ పని."

"డబ్బా ఇచ్చేది నువ్వు, అక్కా. రెండేళ్ళుగా అడుగుతున్నా."

అది నిజం. ఆమె గుట్టను సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు బండి పక్కన ఒక డబ్బా ఉంది, తోపులోంచి మోసుకొచ్చి పెట్టింది.

బుధవారం సాయంత్రానికి నూట ఇరవై అడుగులు అయింది. అప్పటిదాకా పైపైన తేలినదే, అసలు కంపు ఇంకా లోపలే ఉంది. గాలి తగ్గినప్పుడు తియ్యగా, కుళ్ళుగా, ఇంకేదీ కానట్టు వచ్చేది. చచ్చిన జంతువు ఉందనుకుంది. గురువారం పొద్దున పొద నడిమి దాటి కాస్త ముందుకు పాకేసరికి పట్టుకారు నల్లటి ప్లాస్టిక్‌కు తగిలింది. లాగితే చిరిగింది. లోపల్నుంచి నల్లటి జిగురు మోకాళ్ళ మీదికి జారింది.

ఈసారి కడుపులో ఏమీ లేకపోయినా వచ్చింది. పసరు.

తేరుకుని చూసింది. ఒక సంచి కాదు. మట్టిలో సగం కూరుకుపోయి, వేళ్ళు అల్లుకుపోయి, ఒకదాని వెనక ఒకటి. లోపలున్నది గడ్డి. కోసిన పచ్చిక, మూతిగట్టిన సంచుల్లో ఊపిరాడక మురిగి, పాకంలాగా అయిపోయిన గడ్డి. అడుగున ఎన్నో ఏళ్ళది, పైన పోయిన నెలది.

వెనక్కి పాక్కుంటూ బయటికి వచ్చింది. పొడుగాయన ఆమె ముఖం చూసి ఆకాశం వైపు చూశాడు.

"ఎవరివి ఆ సంచులు?"

"మనవే అక్కా."

"మనవంటే?"

"గడ్డి కోసింది మనమే కదా."

"ఎరువుల గుంట ఉంది కదయ్యా, రోడ్డవతల. అక్కడ వేయకుండా ఇక్కడ తోయమని ఏ వెధవ చెప్పాడు?"

ఆయన చెప్పు చివరతో మట్టి గీశాడు.

"నువ్వే చెప్పావు" అన్నాడు. "నువ్వు పర్యవేక్షకురాలివైన ఏడాది. ఆవేళ గడ్డి తోలే బండి రాలేదు, గడ్డి సంచులు పచ్చిక మీదే ఉన్నాయి, పెద్దవాళ్ళెవరో చూడ్డానికి వస్తున్నారు. 'ప్రస్తుతానికి పొదలోకి తోసేయండి, రేపు చూద్దాం' అన్నావు."

"తర్వాత?"

"తర్వాత మళ్ళీ చెప్పలేదు. బండి రానప్పుడల్లా అలాగే చేశాం. బండి ఎప్పుడూ రాదు."

ఆమెకు ఆ రోజు గుర్తుంది. బండి రాకపోవడం గుర్తుంది, వస్తున్న పెద్దవాళ్ళు గుర్తున్నారు. ఆ మాట మాత్రం గుర్తు లేదు. గుర్తుంచుకునేంత పెద్దమాట కాదది. పద్నాలుగేళ్ళు మనుషులు ఆ మాటను పాటించారు. ఆమె పద్నాలుగేళ్ళు ఆ కంపు మీద ఫిర్యాదు రాసింది. పొదలో ఉచ్చ పోసేవాళ్ళను తిట్టింది, కుక్కలవాళ్ళను తిట్టింది, ఊరినంతా తిట్టింది. ముక్కు ఎప్పుడూ ముందుండేది, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

బెంచీ మీద కూర్చోబోయి, ఆగి, నేల మీద కూర్చుంది. రెండు జతల తొడుగులకూ చిల్లులు పడి జిగురు వేళ్ళ సందుల్లోకి పోయింది. కాసేపు చేతులను తనవి కానట్టు చూసి, తొడుగులు తీసి పారేసింది.

"చెప్పుండకూడదా నాకు, ఇన్నేళ్ళలో?"

"నీకు తెలుసనుకున్నాను. తెలిసే పుస్తకంలో రాస్తున్నావనుకున్నాను" అన్నాడు పొడుగాయన. "పైవాళ్ళు మనకు బండి పంపేదాకా రాస్తావనుకున్నాను."

ఆమె లేచి మళ్ళీ పొదలోకి దూరింది. సంచులు పట్టుకుంటే చిరిగేవి గనక చేతులతోనే తోడి తొట్లలోకి పోయాల్సి వచ్చింది. ఆ రోజు నలభై ఆరు తొట్లు రోడ్డవతల గుంటకు చేరాయి. వంగలేని పొడుగాయన కూడా మోకాళ్ళ మీద కూర్చుని తోడాడు. ఖాళీ అయిన చోట సున్నం చల్లి, ఎండుమట్టి కప్పి, నీళ్ళ గొట్టంతో పొద మొత్తం కడిగారు.

ఇంటికి వెళ్తే చిన్నది గుమ్మంలోనే ఆపింది. బకెట్టు, సబ్బు, నిమ్మచెక్కలు వరండాలో పెట్టి ఉన్నాయి.

"అక్కడే కానీ. ఇక్కడ నేనొకదాన్ని బతుకుతున్నాను."

మూడుసార్లు ఒళ్ళు రుద్దుకుంది. నిమ్మచెక్కలు అరిగిపోయాయి. వాసన పైపైన తగ్గి, జుట్టులో, గోళ్ళలో అలాగే ఉంది. అది చేపల షెడ్డు వాసన కాదు. అయినా బడిలో ముక్కు మూసుకున్న ఆ పిల్లకు ఎలా ఉండేదో తెలిసింది.

*

శుక్రవారం తొమ్మిదింటికి ఆఫీసరు వచ్చాడు. ఫైలు చంకలో పెట్టుకుని, పొద ఒక చివరనుంచి నడక మొదలుపెట్టాడు. ఆమె రెండడుగులు వెనక. పొడుగాయన గొట్టం చుడుతున్నట్టు నటిస్తూ దూరంగా. టీ బండి దగ్గర చిన్నది టీ మరిగించడం మరిచిపోయి చూస్తోంది.

ముప్పై అడుగులు నడిచి ఆఫీసరు ఆగాడు. ముక్కు చిట్లించాడు. ఇంకో పదడుగులు వేసి మళ్ళీ ఆగాడు.

"లేదమ్మా" అన్నాడు, నిజంగానే బాధపడుతున్నట్టు. "కష్టపడ్డారు, తెలుస్తోంది. కానీ ఉంది. ఏదో కుళ్ళిన వాసన. మొదట్నుంచీ ఉంది, ఎక్కడా తగ్గట్లేదు."

ఆమె పొద వైపు చూసింది, కిందికి చూసుకుంది.

"అది నా దగ్గర్నుంచి సార్" అంది.

"ఏమిటి?"

"మూడు రోజులుగా లోపలే ఉన్నాను. కడిగినా పోలేదు. మీరక్కడే ఉండండి. నేను పోతాను."

వెనక్కి తిరిగి తోట లోపలికి నడిచింది. పది అడుగులు, ఇరవై, ముప్పై. గాలి సముద్రం వైపునుంచి వీస్తోంది గనక, తన వాసన ఆయన మీదికి పోకుండా ఎండిపోయిన గులాబీల అవతలికి వెళ్ళి నిలబడింది.

"ఇప్పుడు పీల్చండి" అంది అక్కణ్నుంచి.

ఆఫీసరు పీల్చాడు. చివరిదాకా నడిచాడు. తిరిగి వస్తూ రెండుచోట్ల వంగి, కొమ్మలు తప్పించి లోపలికి తొంగిచూశాడు. బెంచీ మీద కూర్చున్న ముసలాయన ఒకడు ఆయన్ను చూసి, తనూ గాలి పీల్చి, మళ్ళీ పేపర్లో పడ్డాడు.

"ఆర్డరు ఆపుతాను" అన్నాడు ఆఫీసరు ఆమెకు వినపడేలా, దగ్గరికి రాకుండా. "కానీ ఊరికే ఆపలేను. నలభై మూడు ఫిర్యాదులున్నాయి. కంపు ఎక్కడిదో, ఎలా పోయిందో కారణం కాగితం మీద ఉండాలి. ఎవరు రాస్తారు?"

"నేనే."

ఫైలు బెంచీ మీద పెట్టి ఆయన పక్కకు జరిగాడు. ఆమె వచ్చి, కూర్చోకుండా, వంగి రాసింది. కంపు పొదది కాదు. పద్నాలుగేళ్ళుగా కోసిన గడ్డిని సంచుల్లో కట్టి మా పనివాళ్ళు అందులో వేశారు. వేయమన్నది నేను. అంతకుముందు రాసిన నలభై మూడూ తప్పు. గడ్డికి బండి కావాలి. కింద సంతకం.

ఆమె దూరం జరిగాక ఆఫీసరు చదివాడు.

"దీనికి మీకు మెమో వస్తుందమ్మా. జీతం పెంపు కూడా ఆగొచ్చు."

"రానివ్వండి సార్. బండి కూడా వస్తుందా?"

"అడుగుతాను."

ఆయన గేటు దాటాక ఆమె పొద దగ్గరికి వెళ్ళింది. మూడు రోజులుగా రౌండు తప్పింది, ఏ వరస కడగాలో చూడలేదు. తోట వైపు ఆకు ఒకటి వంచి నాలుక తగిలించింది. చప్పగా ఉంది. చెయ్యి చాచి సముద్రం వైపుది ఒకటి తెంపి నాకింది. మొహం వికారంగా పెట్టి ఉమ్మేసింది. ఉప్పు ఉండాల్సినంత ఉంది.

తలెత్తేసరికి, సందులో కొత్తగా పెట్టిన మోకాలెత్తు మొక్కకు చిన్న సంచి ఒకటి వేలాడుతోంది. చక్కని ముడి. ఇంకా వెచ్చగా ఉన్నట్టుంది.

"ఛీ" అంది, వట్టిచేత్తోనే దాన్ని విప్పుతూ.